పదకొండు సెకన్లు

"నన్ను కోసేసింది మీరేనా?"

హెడ్‌ఫోన్స్ తీసి తలెత్తేసరికి ఎదురుగా తడిసిన గొడుగుతో ఒక అమ్మాయి. గొడుగు చివర నుంచి నీళ్ళు టపటపా కారి కీబోర్డు పక్కనే పడుతున్నాయి. కళ్ళు మాత్రం నిప్పులు కురిపిస్తున్నాయి.

"కోయడమేంటండీ? నేను వీడియో ఎడిటర్ని. సర్జన్ని కాదు."

"తెలుసు. కింద టైర్ల షాపులో అడిగితే 'కత్తెరా? పైనుంటాడు' అన్నారు. కండక్టరమ్మ వీడియో చేసిన కత్తెర మీరేగా?"

ఆ మాటతో మనవాడి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పెరగదా మరి! టైర్ల షాపు మీద రెండు గదుల్లో నడిచే, అతను పనిచేసే వీడియోల పేజీకి ఎనిమిది లక్షలమంది ఫాలోవర్లు. గంటన్నర ఉపన్యాసాన్ని పదిహేను సెకన్లకి కుదించడంలో ఇతన్ని మించినవాడు లేడని పేరు. అందుకే కన్నతల్లి తప్ప అందరూ కత్తెర అనే పిలుస్తారు.

నిన్నటి క్లిప్ అయితే పొద్దున్నకల్లా పన్నెండు లక్షలు దాటింది. వార్డు ఎన్నికల చర్చ అది. పోటీలో ఉన్నవాళ్ళలో రిటైరైన బస్ కండక్టరమ్మ ఒకావిడ. "గెలిస్తే మొట్టమొదట చేసే పనేంటి?" అని యాంకర్ అడిగితే, ఆవిడ పదకొండు సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా పక్కకి చూస్తూ నిలబడిపోయింది. కత్తెర ఆ పదకొండు సెకన్లే తీసుకుని, వెనకాల కీచురాళ్ళ చప్పుడు పెట్టి, పైన 'మేడమ్‌కి సిగ్నల్ అందటంలేదు' అని రాశాడు. ఇంకేముంది! తెల్లారేసరికి ఆవిడ పేరు 'సిగ్నల్ లేని మేడమ్' అయిపోయింది.

"నేనే," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "నచ్చిందా?"

"అందులో నేనెక్కడ?"

"మీరా? మీరెందుకుంటారండీ అందులో?"

ఆ అమ్మాయి తన ఫోన్ అడ్డంగా తిప్పి అతని ముందు పెట్టింది. "ఇది హాలు కెమెరా తీసింది. మీ కత్తెర పడకముందుది. ఇప్పుడు చూడండి."

అదే హాలు. అదే స్టేజీ. ఎడమపక్క కండక్టరమ్మ. కుడిపక్క... ఈ అమ్మాయే! చేతులు గాల్లో చకచకా కదులుతున్నాయి. స్టేజీ కింద ముందు వరసలో పదిమందో పదకొండుమందో ఆ చేతులకేసి రెప్ప వేయకుండా చూస్తున్నారు. కండక్టరమ్మ కూడా ఆ చేతులే చూస్తూ నిలబడింది. చేతులు కిందికి దిగగానే మైకు అందుకుని, "సందు చివర మురుగు కాలవకి మూత వేయిస్తా. మొదటి పని అదే," అంది.

కత్తెర వీడియో వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"నేను సైగల భాష టీచర్ని," అంది అమ్మాయి. "ముందు వరసలో వాళ్ళు చెవిటివాళ్ళు. యాంకర్ అడిగింది నేను వాళ్ళకి చేతులతో చెబుతున్నా. వాళ్ళలో ఇస్త్రీ చేసే పెద్దాయనకి చూపు మందం, అందుకని ఆయన కోసం రెండోసారి చెప్పా. వాళ్ళందరికీ ప్రశ్న అందేదాకా మా అత్త జవాబు చెప్పకుండా ఆగింది. అదీ మీ పదకొండు సెకన్లు."

"మీ అత్తా?"

"మా నాన్నకి అక్క. ముప్ఫై ఏళ్ళు బస్సులో పనిచేసిందండీ. అందరూ ఎక్కకుండా ఏనాడూ రైట్ చెప్పలేదు."

కత్తెర తన కంప్యూటర్ వైపు చూశాడు. అసలు జరిగింది అతనికి అప్పుడర్థమైంది. అడ్డంగా ఉన్న వీడియోని ఫోన్లకి సరిపోయేలా నిలువుగా కోయాలి. ఆ పని సాఫ్ట్‌వేరే చేసిపెడుతుంది. మాట్లాడే మనిషి ముఖాన్ని పట్టుకుని, మిగతాదంతా పారేస్తుంది. రోజుకి నలభై క్లిప్పులు చేసేవాడు పారేసింది ఏమిటా అని ఎందుకు చూస్తాడు? రెట్టింపు వేగంతో ఉరికించాడు, ఎక్కడో నిశ్శబ్దం కనపడింది, కోశాడు.

"నేను చూడలేదండీ," అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నిజంగా కుడిపక్క చూడలేదు. ఇప్పుడే డిలీట్ చేసేస్తా."

"చేయండి. ఊళ్ళోవాళ్ళ ఫోన్లలోంచి కూడా డిలీట్ చేస్తారా? అత్త మీద పోటీ చేస్తున్న కాంట్రాక్టర్ మనుషులు ప్రతి గ్రూపులోనూ పెట్టారు. పొద్దున్న అత్త ఇంటింటికీ తిరుగుతుంటే, టీకొట్టు దగ్గర ఎవడో కీచురాళ్ళ చప్పుడు పెట్టాడు. అత్త నవ్వేసిందనుకోండి. నాకే అరికాలి మంట నెత్తికెక్కింది." ఆమె గొడుగు తీసుకుంది. "అదీ పోనివ్వండి. శుక్రవారం ఆఖరి చర్చ. ముందు వరసవాళ్ళు ఇక రామంటున్నారు. 'మా కోసం ఆగబట్టే కదా ఆవిడ నవ్వులపాలైంది, మేం రాం' అంటున్నారు. ఇన్నేళ్ళకి ఒక్క మనిషి వాళ్ళ కోసం ఆగిందండీ. అది కూడా మీరు లేకుండా చేశారు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. కీబోర్డు పక్కన చిన్న నీటిమడుగు మిగిలింది. కత్తెర చాలాసేపు దాన్ని తుడవలేదు.

*

కత్తెర వాళ్ళమ్మ ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. జాకెట్ కొలతలకి వచ్చిన ప్రతివాళ్ళకీ కొడుకు వీడియోలు చూపించి "మావాడే చేశాడు" అని చెప్పుకోకపోతే ఆవిడకి పూట గడవదు. అతను ఇంటికి వచ్చేసరికి కూడా ఎవరికో చూపిస్తోంది.

"అమ్మా, అది చూపించకు."

"ఏం? పన్నెండు లక్షలుట కదరా!"

చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు. అమ్మ వచ్చినావిడ కొలతలు తీసుకుని పంపేసింది. తర్వాత కళ్ళజోడు తీసి మిషన్ మీద పెట్టింది.

"నేను చదువుకోలేదురా. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు మాత్రం రెండువైపులా తిప్పి చూస్తాను. ఒకసారి కోశాక మా తాత దిగొచ్చినా అతికించలేడు."

"సరిచేస్తానమ్మా."

"చెయ్యి. అప్పుడే మావాడు అంటాను. అప్పటిదాకా అననులే."

అంతకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే పేజీ నడిపే అడ్మిన్ దగ్గర కూర్చున్నాడు. అడ్మిన్ మంచివాడే. కాకపోతే దేవుడొచ్చి ఎదురుగా నిలబడ్డా ఎన్ని వ్యూస్ అని అడిగే రకం.

"సారీ పోస్టా? ఎవడు చూస్తాడురా? జనాలకి నవ్వొచ్చేది కావాలి, లేదా కోపమొచ్చేది కావాలి. మధ్యలో ఉన్నదంతా వేస్ట్. అయినా ఈ రోజుల్లో ఎన్నికలు మీటింగుల్లో జరుగుతున్నాయా? ఫోన్లలోనే కదా!"

"అందుకే అడుగుతున్నా. ఫోన్లోనే చెడగొట్టాం, ఫోన్లోనే బాగుచేద్దాం."

"పెట్టుకో. నా టైం తినకు."

పెట్టాడు. 'మొన్నటి క్లిప్‌లో పొరపాటు జరిగింది, చింతిస్తున్నాం' అని పద్ధతిగా రాసి, అసలు వీడియో కింద లింక్ ఇచ్చాడు. సాయంత్రానికి దాన్ని చూసినవాళ్ళు రెండువేలు. అందులో సగంమంది 'ఎంతకి అమ్ముడుపోయావ్?' అని కామెంట్ పెట్టారు.

*

ఓడిపోయిన మొహంతోనే బుధవారం ఆ టీచర్ పనిచేసే బడికి వెళ్ళాడు. పొడవాటి వరండా, పైన రేకులు, గోడ నిండా చేతుల బొమ్మలు. అక్కడ టీచర్‌తోపాటు కండక్టరమ్మ కూడా ఉంది. కట్టుచీర కొంగు నడుంలో దోపుకుని బెంచీలు సర్దుతోంది. వాళ్ళ పక్కనే తెల్లజుట్టు ఇస్త్రీ పెద్దాయన.

"నువ్వేనా అబ్బాయ్ నా సిగ్నల్ కట్ చేసింది?" అంది కండక్టరమ్మ.

"క్షమించండమ్మా. పొరపాటైంది."

"నాకెందుకోయ్ నీ క్షమాపణ? టిక్కెట్ లేనివాళ్ళతో, చిల్లర లేనివాళ్ళతో, తాగొచ్చి తిట్టేవాళ్ళతో ముప్ఫై ఏళ్ళు వేగాను. కీచురాళ్ళకి జడుస్తానా? చెప్పాల్సింది వీళ్ళకి." పెద్దాయన్ని చూపించింది.

పెద్దాయన చేతులు కదిపాడు. పక్కనుంచి టీచర్ గొంతు వినిపించింది. "నాకు అరవై మూడేళ్ళు. నలభై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నాను."

"మీకా?" అని కత్తెర తెల్లమొహం వేశాడు.

కండక్టరమ్మ పగలబడి నవ్వింది. టీచర్ పెదవి కొరుక్కుంది. "నాకు కాదు మహానుభావా! ఆయన చెప్పేది నేను నోటితో చెబుతున్నా. ఆయన 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి. చెప్పింది చెప్పినట్టు చెప్పాలి. కలపకూడదు, కోయకూడదు. అది మా పనికి మొదటి రూలు. మీ పనికి లేదనుకుంటా అలాంటిది."

తగలాల్సిన చోటే తగిలింది. కత్తెర తలొంచుకున్నాడు.

పెద్దాయన మళ్ళీ చెప్పాడు, టీచర్ గొంతులోంచి. "ఇన్నాళ్ళూ మీటింగ్ అంటే మాకు నోళ్ళు కదలడమే. ఆ రోజు మొదటిసారి ప్రశ్న మాదాకా వచ్చింది. ఆవిడ మాకోసం ఆగింది. తర్వాత మా మనవడు నీ వీడియో చూపించాడు. అందరూ నవ్వుతున్నారు. మావల్ల ఆవిడ ఓడిపోకూడదు. అందుకే రాం."

కత్తెర టీచర్‌వైపు తిరిగాడు. "టీచర్ గారూ, క్షమించమని నేనే ఈయనకి చెప్పాలి. నా చేతులతో. నేర్పిస్తారా?"

టీచర్ అతన్ని ఎగాదిగా చూసింది. "రేపటికల్లా రావాలి. వస్తుందా?"

"మీరు తిట్టకుండా నేర్పితే వస్తుంది."

"అయితే రాదు. రండి, కూర్చోండి."

తిట్టింది. మామూలుగా తిట్టలేదు. "చెయ్యి అంత బిగబట్టకండి, మౌస్ పట్టుకున్నారా ఏంటి?" అంది. "ముఖం ఏదీ? చేతులొక్కటే మాట్లాడితే చాలదు, ముఖం కూడా మాట్లాడాలి" అంది. "ఇప్పుడు మీరు చెప్పింది ఏమిటో తెలుసా? 'నేను మీ ఇస్త్రీపెట్టె తిన్నాను'" అంది. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం పాఠం మధ్యలో వాన దంచికొట్టింది. రేకుల మీద చప్పుడుకి పక్కమనిషి మాట వినపడటంలేదు.

"ఏంటీ?" అని అరిచాడు కత్తెర. ఆమె పెదాలు కదిలాయి. "వినపడటంలేదండీ!"

ఆమె నవ్వి నోరు మూసుకుంది. చేతులు ఎత్తింది. నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి. వాన. చప్పుడు. మీరు. వినలేరు. ఇప్పుడు. తెలిసిందా. ఎలా ఉంటుందో.

అంతా అర్థమైంది. ఒక్క ముక్క పోకుండా అర్థమైంది! అంత హోరులో, ఒక మనిషి మాట తనకి అంత దగ్గరగా ఎప్పుడూ చేరలేదనిపించింది. ఆ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు. ముఖం చూశాడు. చూడకూడనంతసేపు చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు, చెవుల చివర్లు మాత్రం ఎర్రబడ్డాయి.

వాన తగ్గాక, "ఇంకొక్కటి నేర్పిస్తాను," అంది ఎటో చూస్తూ. అరచెయ్యి గుండెకి ఆనించి, అక్కణ్ణించి మెల్లగా ఎదుటి మనిషివైపు చాపింది. "ఇదంటే 'మీరంటే నాకిష్టం'. అవసరమైనప్పుడే వాడండి. ఎక్కడపడితే అక్కడ వృథా చేయొద్దు."

"అవసరమైందని ఎలా తెలుస్తుందండీ?"

"ఇంత చదువు చెప్పాక అది కూడా నేనే చెప్పాలా?"

*

ఆ సాయంత్రమే వీడియో తీశాడు. కెమెరా అడ్డంగా పెట్టి, వరండా గోడ ముందు నిలబడ్డాడు. ఒక పక్క తను, రెండో పక్క అంతా ఖాళీ. మాట లేదు, పాట లేదు, కీచురాళ్ళు లేవు. చేతులతో చెప్పాడు. తడబడుతూ, మధ్యలో ఒకసారి తప్పు చేసి, చేసిన తప్పు కోయకుండా మళ్ళీ చేసి చెప్పాడు. 'ఆవిడ మాట రాక ఆగలేదు. మీ కోసం ఆగింది. మిమ్మల్ని కోసి పారేసింది నేను. తప్పు నాది, మీది కాదు. రేపు రండి.' ఆ తర్వాత హాలు వీడియో, పూర్తిగా పదకొండు సెకన్లూ. పైన ఒకే ఒక్క లైను రాశాడు: 'ఫోన్ అడ్డంగా తిప్పండి.'

పేజీలో పెట్టలేదు. తన సొంత అకౌంట్‌లో పెట్టాడు. అతనికున్న ఫాలోవర్లు మొత్తం నూట తొంభై.

జనం ఎప్పుడు దేనికి కదులుతారో చెప్పగలిగితే అడ్మిన్ ఈపాటికి ప్రధానమంత్రి అయ్యేవాడు. చప్పుడు లేని వీడియో వస్తే ఫోన్ పాడైందేమోనని ముందు రెండుసార్లు చూశారు. అడ్డంగా తిప్పారు. తిప్పేసరికి ఆ అమ్మాయి కనపడింది, ముందు వరస కనపడింది. "ఛ, నేనూ నవ్వాను" అని ఒకామె రాసింది. దాని కింద ఇంకొకరు. ఒక బస్ డ్రైవర్ తన పాత ఫోటో పెట్టి, "ఈవిడతో పదేళ్ళు డ్యూటీ చేశాను, కుంటివాడు ఎక్కేదాకా బస్సు కదలనిచ్చేది కాదు" అన్నాడు. పొద్దున్నకి మూడు లక్షలు. పన్నెండు కాదు, మూడే. అడ్మిన్ ఫోన్ చేసి, "ఒరే, మన పేజీలో పెట్టొచ్చు కదరా ద్రోహీ!" అని వాపోయాడు.

*

శుక్రవారం హాలు కిక్కిరిసింది. ముందు వరస మాత్రం ఖాళీ. స్టేజీ మీద కండక్టరమ్మ ఆ కుర్చీలకేసి చూసింది. టీచర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాంట్రాక్టర్ వాచీ చూసుకుని, "వాళ్ళెవరూ రాలేదు కదా, ఆ సైగలు ఆపేస్తే టైం కలిసొస్తుంది," అన్నాడు.

"ఉండండి," అంది కండక్టరమ్మ. "ఇంకా ఎక్కాల్సినవాళ్ళున్నారు."

గోడవారన నిలబడ్డ కత్తెర తలుపుకేసి చూశాడు. రాకపోతే? రెండు నిమిషాలు గడిచాయి. జనం గొణగడం మొదలెట్టారు.

తలుపు తెరుచుకుంది. ముందు ఇస్త్రీ పెద్దాయన, మడత నలగని తెల్లచొక్కాలో. వెనకాల మిగతావాళ్ళు. పదకొండుమంది. పెద్దాయన కత్తెర ముందు ఒక్క క్షణం ఆగి, భుజం తట్టి, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

యాంకర్ మొదటి ప్రశ్న అడిగాడు. టీచర్ చేతులు లేచాయి. కండక్టరమ్మ ఆగింది. హాలంతా నిశ్శబ్దం. వెనక వరసల్లో ఎవడో కీచురాయిలా కూశాడు. పక్కనున్న పెద్దావిడ వాడివైపు కొరకొరా చూసి, తన ఫోన్ ఎత్తి, నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా తిప్పింది. ఆమె పక్కన ఇంకొకరు తిప్పారు. ఆ వెనక నలుగురు. చూస్తుండగానే హాల్లో పైకెత్తిన ప్రతి ఫోనూ అడ్డంగా తిరిగింది. ఇప్పుడు ప్రతి తెర మీదా ఇద్దరున్నారు. కూసినవాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

గోడవార నుంచి కత్తెర అదంతా చూశాడు. పన్నెండు లక్షలు వచ్చిన రోజున కూడా ఇంత గర్వం కలగలేదు. అసలు ఆ రోజు కలిగింది గర్వమే కాదని తెలిసింది.

*

కండక్టరమ్మ డెబ్భై మూడు ఓట్లతో గెలిచింది. సొంతవాళ్ళందరికీ బడి వరండాలో టీ ఇచ్చింది. ముందు వరస మొత్తం వచ్చింది. కత్తెర వాళ్ళమ్మ పెద్దాయన పక్కన కూర్చుని, ఫోన్ అడ్డంగా పట్టుకుని కొడుకు వీడియో చూపిస్తూ, గుండెమీద చెయ్యేసుకుని "మావాడే! మావాడే చేశాడు!" అంటోంది. ఆ మాట పెద్దాయనకి ఏ సైగా లేకుండానే అర్థమవుతోంది.

"ఎవరైనా రెండు మాటలు మాట్లాడండర్రా," అంది కండక్టరమ్మ.

కత్తెర లేచాడు. నోరు విప్పలేదు. చేతులెత్తాడు. టీచర్ గొంతు అలవాటు కొద్దీ అందుకుంది.

"నేను ఇన్నాళ్ళూ మనుషుల్ని కోసి, సగం పారేసేవాణ్ణి. ఏం పారేస్తున్నానో చూసేవాణ్ణి కాదు. ఒకరోజు అలా పారేసిన సగంలో... ఒక అమ్మాయి ఉంది." గొంతు తడబడింది. "గొడుగుతో వచ్చి తిట్టింది. ఇంకా తిడుతూనే ఉంది. జీవితాంతం తిట్టినా... నేను..."

అతని అరచెయ్యి గుండెకి ఆనింది. అక్కణ్ణించి మెల్లగా ఆమెవైపు చాచాడు.

టీచర్ ఆగిపోయింది.

"ఏమే, ఆపేశావు?" అంది కండక్టరమ్మ. "చెప్పింది చెప్పినట్టు చెప్పాలన్నావుగా?"

"నువ్వంటే నాకిష్టం," అనేసింది టీచర్ గబగబా, ఎవరివైపూ చూడకుండా. "అని అంటున్నారు ఆయన. 'మీరు' అని నేర్పించాను, 'నువ్వు' చేసేశారు."

ఎవ్వరూ నవ్వలేదు. అందరూ ఆమెకేసే చూస్తున్నారు. వరండాలో టీ గ్లాసు చప్పుడు కూడా లేదు. ఎడిటర్ బుర్ర కదా, కత్తెర లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. నాలుగు. ఏడు. తొమ్మిది. ఈ నిశ్శబ్దంలోంచి ఒక్క సెకను కూడా కోయాలనిపించలేదు. పది. పదకొండు.

ఆమె చేతులు లేచాయి. ఏదో చెప్పింది, చకచకా, ముఖమంతా వెలిగిపోతుండగా.

ముందు వరస ఒక్కసారిగా లేచింది. ఇరవై రెండు చేతులు గాల్లోకి లేచి, చప్పట్లకి బదులు రెపరెపలాడాయి. పెద్దాయనైతే టీ ఒలికిపోయినా చూసుకోలేదు.

"ఏమంది? ఏమందిరా?" అమ్మ అటూ ఇటూ చూసి కొడుకు చొక్కా పట్టి లాగింది. మాటలు వినగలిగేవాళ్ళంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక్క కత్తెర మాత్రం నిలబడ్డచోటే నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె చెప్పింది అతనికి అందింది. 'నాకూ నువ్వంటే ఇష్టం. ఈ వీడియో మాత్రం కోశావో, చూస్కో.'

"ఉండవమ్మా వదినా," అంది కండక్టరమ్మ, కత్తెర వాళ్ళమ్మ భుజం మీద చెయ్యేసి. ఆ పిలుపుతోనే అమ్మకి సగం అర్థమైపోయింది. "ముందు వరసకి అందిందిగా, మనదాకా వచ్చేదాకా ఆగాలి మరి."

ఆగారు. టీచర్ సిగ్గుపడుతూనే నోటితో మళ్ళీ చెప్పింది, చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క కోయకుండా.

కండక్టరమ్మ వరండా ఆ చివరనుంచి ఈ చివరిదాకా అందరినీ కలయజూసింది. అలవాటైన చెయ్యి గోడమీద రెండుసార్లు టపటపా కొట్టింది.

"అందరూ ఎక్కారు. రైట్ రైట్!"